తల దువ్విన పిల్ల

జగ్గయ్యపేట,
3-9-1979

తమ్ముడు ఇశ్రాయేలుకు అక్క రత్నమణి దీవెనలు.

నీ కార్డు అందింది. నాలుగంటే నాలుగే వాక్యాలు. సంఘం ఆఫీసులో పొద్దస్తమానం టైపు కొట్టీ కొట్టీ చేత్తో రాయటం మర్చిపోయినట్టున్నావు. నందిగామ నుంచి ఇక్కడికి బస్సులో గంట. ఆ గంట నీకు దొరక్క ఆర్నెల్లయింది. సరేలే, దెప్పను. మరదలు దేవమణిని అడిగానని చెప్పు.

ఇక్కడ వానలు ముఖం చాటేశాయి. మిరప నారు ఇంకా మడిలోనే ఉంది. నారు లేస్తేగానీ ఆడవాళ్ళకు కూలి లేదు. చర్చి వెనక పల్లెలో మధ్యాహ్నం పొయ్యి వెలిగే ఇళ్ళు తక్కువ. మీ సహాయ సంఘం నాతో నడిపిస్తున్న తిండి కేంద్రం పుణ్యమా అని పిల్లలకు మాత్రం ఆ బాధ లేదు. పొద్దున పాలు, మధ్యాహ్నం గోధుమ రవ్వ ఉప్మా. ఎన్నిసార్లు కడిగినా ఆ పాలపొడి వాసన నా చీరకు పోవటంలేదు.

వంట లూర్దమ్మదే. అమ్మతోబాటు నాట్లకు వెళ్ళేది, నిన్ను చంకనేసుకుని తిప్పింది, ఆ లూర్దమ్మే. కూతురు పోయాక మనవరాలు జీవరత్నాన్ని తనే సాకుతోంది. రెండేళ్ళ కిందట ఆ పిల్ల కేంద్రానికొచ్చినప్పుడు మెడ నిలబెట్టలేక గోడకు చేరగిలబడేది. ఇప్పుడు నాలుగేళ్ళు నిండాయి. గరిటె పట్టుకుని వాళ్ళమ్మమ్మ మీదే పెత్తనం చేస్తోంది. చూస్తే నవ్వుతావు.

మన కేంద్రం చూడటానికి అక్టోబరులో విదేశం నుంచి దొరగారు వస్తున్నారని రాశావు. పల్లెకి పల్లె లేచి కూర్చుంది. రెండేళ్ళుగా మన పిల్లలకు అన్నం పెట్టినాయన గుమ్మంలోకి వస్తుంటే ఊరికే చూస్తూ నిలబడతామా అంటున్నారు. ఏమేం ఏర్పాట్లు చేయాలో రాయి. ఈసారి కార్డు పనికిరాదు, కవరులో రాయి.

నీ అక్క,
రత్నమణి

* * *

నందిగామ,
12-9-1979

అక్కకు ఇశ్రాయేలు వందనాలు.

నువ్వు దెప్పనని రాసిన ఉత్తరంలోనే ఇంత దెప్పావు. ఇక దెప్పుతానంటే ఎట్లా ఉంటుందో. ఆఫీసులో ఊపిరి సలపటం లేదు, నమ్ము. దేవమణి కులాసా. నీకో మేనల్లుడో మేనకోడలో రాబోతున్నారు.

అసలు విషయానికి వస్తున్నా. దయచేసి ఏ ఏర్పాట్లూ చేయొద్దు. దండలొద్దు, తోరణాలొద్దు, కోడిని కోయటం అసలే వద్దు. పిల్లలకు ఆ రోజు కొత్తగా నూనె రాసి తల దువ్వటం, పండక్కి దాచిన బట్టలు తొడగటం లాంటివి చేయొద్దు. రోజూ ఎట్లా వస్తారో అట్లానే రానీ. నిజం చెప్పమంటావా, రోజుటికంటే కాస్త తక్కువగా ఉన్నా నష్టంలేదు.

నీకు కోపం వస్తుందని తెలుసు. కానీ పైవాళ్ళ పరిస్థితి నీకు తెలియదు. దివిసీమ తుఫానప్పుడు వచ్చినంత సాయం ఇప్పుడు రావటంలేదు. ప్రపంచంలో ఎక్కడెక్కడో యుద్ధాలు, కరువులు. ఉన్నదాన్ని ఎక్కడ తగ్గించి ఎక్కడ పెట్టాలా అని తలలు పట్టుకుంటున్నారు. ఇట్లాంటప్పుడు వచ్చినాయన కంటికి మన అవసరం ఆనాలి. అంతకంటే నాకేమీ తెలియదు. ఉన్నవాళ్ళలా కనపడకుండా ఉంటే చాలు.

తమ్ముడు,
ఇశ్రాయేలు

* * *

జగ్గయ్యపేట,
9-10-1979

ఒరేయ్ ఇశ్రాయేలూ,

మేనల్లుడే పుడతాడు, రాసిపెట్టుకో. దేవమణిని బరువులెత్తనీయకు.

దొరగారు వచ్చి వెళ్ళారు. నీ సలహా సంగతి ముందు చెబుతా. తల్లులందర్నీ కూర్చోబెట్టి నీ మాటలు నా మాటలుగా చెప్పాను. చెబుతుంటేనే నా నోరు నాకే చేదనిపించింది. అందరూ తలలూపారు. లూర్దమ్మ మాత్రం గరిటె కింద పెట్టి, "ఏంది టీచరమ్మా, అన్నం పెట్టినాయన ఎదటికి పిల్లని జుట్టు విరబోసి పంపమంటావా? ఆయన ఏమనుకుంటాడు, తను పెట్టిన తిండంతా ఏమైపోయిందనుకోడూ?" అంది.

దానికి జవాబు నీ దగ్గరుంటే రాయి.

మర్నాడు చూద్దును గదా, చర్చి మెట్ల దగ్గర్నుంచి కేంద్రం దాకా ముగ్గులు. మన పల్లె శాంతయ్య మావిడి తోరణాలు కట్టాడు. ఒక్క పిల్ల తల రేగి లేదు. బట్టలు లేనివాళ్ళు పక్కింటి వాళ్ళవి అడిగి తొడిగారు. మన జీవరత్నానికైతే చెవులకు బంగారు కమ్మలు! లూర్దమ్మ ఏటా మిరప కోతకు వెళ్ళే ఆసామి రాఘవమ్మగారి ఇంటికి వెళ్ళి, సాయంత్రానికి తెచ్చిస్తానని వాళ్ళ మనవరాలివి అడిగి తెచ్చిందట. ఆవిడ మారుమాటాడకుండా ఇచ్చిందట.

దొరగారు పెద్దాయన, నెమ్మదస్తుడు. చాప మీద కూర్చుని చేత్తో తిన్నారు. జీవరత్నం వెళ్ళి ఆయన విస్తట్లో ఇంకో గరిటె ఉప్మా వేసింది. ఆయన ఆ పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఫొటో తీయించుకున్నారు. లూర్దమ్మ కళ్ళు తుడుచుకుంటూనే ఉంది. నాకైతే కడుపు నిండింది. నీ భయాలన్నీ అనవసరమని తేలిపోయింది చూశావా?

నీ అక్క,
రత్నమణి

* * *

నందిగామ,
5-11-1979

అక్కకు,

ఆఫీసు కాగితం విడిగా వస్తుంది. నీకు ముందే తెలియటం మంచిదని రాస్తున్నా. జనవరి నుంచి జగ్గయ్యపేట కేంద్రానికి సరుకు రాదు. ఉన్న రవ్వ, పాలపొడి డిసెంబరు ఆఖరు దాకా సర్దుకోండి.

నేను ముందే చెప్పాను. విన్నారు కారు. పిల్లలు శుభ్రంగా, ఆరోగ్యంగా ఉన్నారని దొరగారు రిపోర్టు రాశారు. అందులో కమ్మల ప్రస్తావన కూడా ఉంది. నా కళ్ళతో చదివాను. చెవులకు బంగారం ఉన్న పిల్లకు ఉప్మా ఎందుకని ఎవరైనా అడిగితే మనం ఏం చెబుతాం?

ఎవర్నీ ఏమీ అనకు. అయిపోయింది. నేను చేయగలిగింది ఏమీ లేదు.

ఇశ్రాయేలు

* * *

జగ్గయ్యపేట,
20-1-1980

తమ్ముడూ,

బాబు పుట్టాడని శాంతయ్య చెబితే తెలిసింది. సొంత అక్కకు పరాయివాడి చేత కబురా? సరే, బిడ్డను దేవుడు చల్లగా చూడాలి. పాత చీరలతో బొంత కుట్టి పంపుతున్నా.

క్రిస్మస్ అయిన నాలుగో రోజుతో సరుకు అయిపోయింది. ఆ మర్నాడు కూడా పిల్లలు గిన్నెలు పట్టుకుని వచ్చారు. చిన్నపిల్లలకు జనవరి అంటే ఏం తెలుస్తుంది? వారం రోజులు వస్తూనే ఉన్నారు. ఆ తర్వాత రావటం మానేశారు. మానేసిన రోజే నాకు ఎక్కువ ఏడుపొచ్చింది.

నువ్వు ఎవర్నీ ఏమీ అనొద్దన్నావు. కానీ సరుకు ఎందుకు ఆగిందని తల్లులు నిలదీస్తే నేనేం చెప్పను? కమ్మల మాట నా నోట్లోంచే వచ్చింది. అంతే, పల్లె పల్లెంతా లూర్దమ్మ మీద పడింది. బోరింగు దగ్గర బిందె పెడితే పక్కకు నెడుతున్నారు. "నీ కమ్మలు మా పిల్లల నోటికాడ కూడు తీసినయ్" అని మొహం మీదే అన్నారు. కమ్మలిచ్చిన రాఘవమ్మగారు కూడా, నీ షోకు వల్ల నా పేరు కూడా నలిగిందే అని విసుక్కుందట. లూర్దమ్మ ఎవరికీ ఎదురు చెప్పటం లేదు. తలొంచుకుని పోతోంది. మొన్న నా దగ్గరికొచ్చి, "తప్పయిపోయింది టీచరమ్మా, దొరగారికి నేను ఉత్తరం రాయిస్తాను, అవి మావి కావని" అంది. నేనేం చేశానో తెలుసా? నా మాట అప్పుడే వినుంటే బాగుండేదన్నాను. వయసులో అమ్మంతటి మనిషిని.

నువ్వు ఆఫీసులో ఉన్నవాడివి. ఆ కమ్మలు అరువు తెచ్చినవని ఒక్క మాట పైవాళ్ళకు రాయలేవా? కేంద్రం తెరవకపోయినా ఫర్వాలేదు. ఆ మనిషి తలెత్తుకుని తిరిగితే చాలు.

మేం ఊరికే కూర్చోలేదు. మన చర్చిలో పిడికెడు బియ్యం పద్ధతి ఉందిగా, ప్రతి ఇల్లాలూ ఎసట్లో పోసేముందు దేవుడి పేర ఒక పిడికెడు తీసి కుండలో వేసేది. ఆ బియ్యం ఇప్పుడు పిల్లలకు గంజి కాస్తున్నాం. చర్చి పెద్దలు గొణిగారు. గొణగనీ.

అక్క

* * *

నందిగామ,
2-2-1980

ప్రియమైన అక్కకు,

బొంత అందింది. దేవమణి చాలా సంతోషించింది. బాబు నీ పోలికే అంటోంది.

కమ్మల సంగతి మళ్ళీ తవ్వటం వల్ల లాభంలేదు. రిపోర్టు ఎప్పుడో పైకి వెళ్ళిపోయింది. నువ్వు మనసుకు పట్టించుకోకు.

నాకు పని మారింది. సంఘం కొత్తగా గ్రామాభివృద్ధి విభాగం పెట్టింది. అందులో నన్ను కార్యకర్తగా వేశారు. టైపు మిషను వదిలింది. కిందటి వారం బెజవాడలో మూడు రోజుల సభ జరిగింది. అనిశ్చిత కాలంలో సహాయం ఎట్లా ఉండాలి, దాని భవిష్యత్తేమిటి అన్నది అంశం. పెద్ద పెద్దవాళ్ళు వచ్చారు. తిండి పెడుతూ పోతే జనం చెయ్యి చాచటం అలవాటు చేసుకుంటారని, ఇకమీదట వాళ్ళ కాళ్ళ మీద వాళ్ళు నిలబడటం నేర్పాలని నిర్ణయించారు. ఉపన్యాసాలు తెలుగు చేసింది నేనే. మీ పిడికెడు బియ్యం గురించి చెబితే అందరూ మెచ్చుకున్నారు. సరిగ్గా కావాల్సింది ఇదేనన్నారు. దాన్ని పుస్తకంలో వేస్తారట.

నేను రాలేకపోతున్నాను. ఊళ్ళు తిరిగే ఉద్యోగం.

తమ్ముడు

* * *

జగ్గయ్యపేట,
28-4-1980

ఇశ్రాయేలుకు,

సహాయం భవిష్యత్తు గురించి మూడు రోజులు సభ పెట్టుకున్నారన్నమాట. మధ్యాహ్నం భోజనాలు పెట్టారా, లేక అక్కడ కూడా కాళ్ళ మీద నిలబడమన్నారా?

మీ పుస్తకంలో వేస్తామన్న పిడికెడు బియ్యం సంగతి విను. మిరప కోతలు ఉన్నన్నాళ్ళూ కుండ నిండింది. కోతలు మొన్న మార్చి నెలాఖరుకే అయిపోయాయి. ఇప్పుడు కుండ అడుగు కనపడుతోంది. ఎసట్లో పోయటానికే లేనిదానికి దేవుడి పిడికెడు ఎక్కణ్ణించి తీస్తారు? పిల్లలు ఆకలితో ఉండే నెలల్లోనే తల్లుల దగ్గరా ఉండదు. ఈ ముక్క మీ పుస్తకంలో వేయించు.

లూర్దమ్మ ఊరొదిలేసింది. మాటలు పడలేక వత్సవాయిలో చెల్లెలి ఇంటికి పోయింది. జీవరత్నానికి విరేచనాలు పట్టుకున్నాయని విని బస్సెక్కి వెళ్ళి చూసొచ్చాను. పిల్ల మళ్ళీ గోడకు చేరగిలబడి ఉందిరా. నన్ను గుర్తుపట్టి లేవబోయింది, లేవలేకపోయింది. గ్లూకోజు పెట్టించాను. ప్రాణానికి భయం లేదన్నారు. లూర్దమ్మ నాకు మంచినీళ్ళిచ్చి, ఆ కమ్మలు పెట్టిన చెవులు చూస్తుంటే నా చేతులు నరుక్కోవాలనిపిస్తోందమ్మా అంది.

ఇంటికొచ్చి కేంద్రం బీరువా సర్దుతుంటే మీ ఆఫీసు పంపిన కాగితం దొరికింది. అప్పుడు ఏడుస్తూ పైపైన చదివాను. నిన్న నిదానంగా చదివాను. నాకొచ్చిన ఇంగ్లీషు తక్కువే, కానీ తేదీలు చదవటం వచ్చు. ఆగస్టు పద్నాలుగున కమిటీ చేసిన తీర్మానం ప్రకారం కేంద్రం మూసేస్తున్నామని ఉంది. దొరగారు వచ్చింది అక్టోబరులో. ఆగస్టులో జీవరత్నం చెవులకు వేపపుల్లలు తప్ప ఏమీ లేవు.

కాగితం కింద మూలన, టైపు చేసినవాడి పొడి అక్షరాలు నీవే.

ఏం జరిగిందో రాయి. బాబు మీద ఒట్టు పెట్టను. పసివాణ్ణి ఇందులోకి లాగటం నాకిష్టంలేదు. రాయి, అంతే.

రత్నమణి

* * *

నందిగామ,
10-5-1980

అక్కా,

ఈ ఉత్తరం నాలుగుసార్లు రాసి చింపాను.

నువ్వు చదివింది నిజమే. ఆగస్టులోనే నిర్ణయమైపోయింది. జిల్లాలో ఆరు కేంద్రాల పేర్లు, మనది మూడోది. తీర్మానం టైపు చేసింది నేనే. మన ఊరి పేరు తప్పు లేకుండా కొట్టాను. దొరగారు వచ్చింది పరీక్షించటానికి కాదు. మూసేసే ముందు ఇన్నేళ్ళూ జరిగిన మంచిపని గురించి పుస్తకం వేయటానికి, ఫొటోల కోసం వచ్చారు. ఆ పుస్తకం అట్ట మీద ఉన్నది జీవరత్నమే.

సెప్టెంబరులో నీకు అన్నీ తెలిసే రాశాను. పిల్లలు దీనంగా కనపడితే ఆ ముసలాయన మనసు మారి పైవాళ్ళతో పోట్లాడతాడేమోనని పిచ్చి ఆశ. విషయం బయటికి పొక్కితే ఉద్యోగం ఉండదని ఆఫీసులో మా పైఅధికారి చెప్పాడు. నోరు మూసుకుంటే కొత్త విభాగంలో వేస్తానని కూడా చెప్పాడు. అప్పుడు దేవమణికి ఆరో నెల.

కమ్మల మాట రిపోర్టులో ఉందని రాశాను. ఉంది. ఆయన రాసిన వాక్యం ఇది: "చెవులకు బంగారు కమ్మలతో ఒక చిన్న పాప నాకు తన చేత్తో వడ్డించింది, ఇంత ఆదరణ నేను ఎక్కడా పొందలేదు." అంతే. మెచ్చుకుంటూ రాశాడక్కా. దాన్ని కారణంగా తిప్పింది నేను. నువ్వు ఎందుకు మూశారని అడిగితే చెప్పటానికి ఏదో ఒకటి కావాల్సి వచ్చింది. లూర్దమ్మ మీదికి పోతుందని అప్పుడు తట్టలేదు. తట్టాక ఒప్పుకోవటానికి ముఖం చెల్లలేదు. నేను రాకపోవటానికి తిరుగుడు ఉద్యోగం కారణం కాదు. నన్ను చంకనేసుకుని తిప్పిన మనిషి ఆ దారిలో ఎదురుపడుతుందని.

తిట్టు, పడతాను. కానీ ఈ ఉత్తరం చదివి పొయ్యిలో పడేయి. ఇది బయటపడితే నా కొడుక్కి పాలు ఉండవు.

ఇశ్రాయేలు

* * *

జగ్గయ్యపేట,
23-6-1980

ఇశ్రాయేలుకు,

నీ ఉత్తరం పొయ్యిలో పడేయలేదు. వత్సవాయి వెళ్ళి లూర్దమ్మను, పిల్లను వెంటబెట్టుకొచ్చి, జూన్ ఒకటో తారీకు ఆదివారం ఆరాధన అయ్యాక అందరినీ కూర్చోమని మొదటి అక్షరం నుంచి చదివాను. నీ పేరు ఒక్కటే చదవలేదు. ఆఫీసులో ఒకతను రాశాడన్నాను. నువ్వేనని అందరికీ తెలిసిపోయింది. ఎవరూ పైకి అనలేదు. నీకు దక్కిన మర్యాద అది, దాచుకో.

చదవటం అయ్యాక ఎవరూ లూర్దమ్మ వంక చూడలేదు. ఆమెను ఆడిపోసుకున్న వాళ్ళంతా నేల చూపులు చూశారు. క్షమించమని ఆ కాళ్ళు పట్టుకుంది నేనొక్కదాన్నే. ఆమె కాళ్ళు వెనక్కి లాక్కుని, "అయితే పిల్లకి తల దువ్వటం తప్పు కాదన్నమాట" అంది. నిన్ను ఒక్క మాట అనలేదు. ఇశ్రాయేలు బిడ్డ ఎట్టా ఉన్నాడని అడిగింది.

ఇక్కడితో ఆపితే బాగుండేది. కానీ నువ్వు నిజం మొత్తం రాశావు, నేనూ రాయాలి.

కిందటి మంగళవారం కంచికచర్ల వైపు నుంచి ఇంకో సంఘం వాళ్ళు జీపులో వచ్చారు. పాతికమంది పిల్లలకు మాత్రం పాలు, రొట్టె ఇస్తామని, అర్హులను చూసి పేర్లు రాసుకుంటామని ముందుగా కబురంపారు. నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు. చెప్పాల్సిన పనే పడలేదు. తల్లులంతా పిల్లలకు ఉన్నవాటిలో చిరిగినవి ఏరి తొడిగారు. చొక్కాలున్న పిల్లలను చొక్కాలు విప్పి తెచ్చారు. ఇత్తడి చెంబులు దాచేశారు. ఒకావిడ నా కళ్ళముందే కొడుకు మొహానికి పొయ్యి బూడిద పూసింది. నువ్వు సెప్టెంబరులో రాసిన సలహా పల్లెంతటికీ వచ్చేసింది. నిజం చదివి వినిపించాను గానీ వాళ్ళు నేర్చుకున్నది మాత్రం అదే.

ఒక్క లూర్దమ్మే జీవరత్నానికి తలకు నూనె రాసి, రెండు జడలు వేసి, ఉతికిన గౌను తొడిగి తెచ్చింది. పిల్ల ఇంకా తేరుకోలేదు, నిలబడటానికి అమ్మమ్మ కొంగు పట్టుకోవాల్సి వస్తోంది. పేర్లు రాసే ఆయన వరసగా రాసుకుంటూ వచ్చి, జీవరత్నాన్ని ఒకసారి పైనుంచి కిందికి చూసి, పక్క పిల్ల దగ్గరికి వెళ్ళిపోయాడు.

లూర్దమ్మ కదల్లేదు. నేను ఆగలేకపోయాను. పిల్లను పక్కకు లాగి, ఆ రెండు జడలూ నా చేతులతోనే ఊడబీకాను. జుట్టు రేపి, గౌను విప్పి, ఒంటి మీద ఎముకలు కనపడేట్టు ఆయన ముందుకు తోశాను. ఆయన చూసి పేరు రాసుకున్నాడు. పాతికలో ఇరవైనాలుగో పేరు.

పిల్లకు బుధవారం నుంచి పాలు ఇస్తున్నారు. లూర్దమ్మ రోజూ దాన్ని తీసుకొచ్చి కూర్చోబెట్టి, తాగిందాకా ఉండి తీసుకెళుతోంది. నాతో మాట్లాడటం లేదు.

రత్నమణి